పెరట్లో ఉయ్యాల బల్ల: కొయ్య ఆరబెట్టడం దగ్గర్నుంచి గొలుసు తగిలించేదాకా

మా ఊరు కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి పెరట్లో వేపమాను ఒకటి వేళ్లతో సహా ఒరిగింది. పొయ్యిలోకి కొట్టించేద్దామని నాయన, ఏదన్నా చేయిద్దామని నేను. ఆ ‘ఏదన్నా’ చివరికి ఉయ్యాల బల్ల అయింది. ఎక్కి ఊగేసరికి పది నెలలు పట్టింది. అందులో రంపం, సుత్తి పట్టుకున్న రోజులు పన్నెండో పదమూడో ఉంటాయి. మిగతాదంతా కొయ్య ఆరడానికి, కాంక్రీటు గట్టిపడటానికి, ఒకసారి తప్పుచేసి విప్పి మళ్లీ బిగించడానికి పోయింది.

ఇంటి లోపల వసారాలో వేలాడే ఉయ్యాల బల్లకి దూలం ముందే ఉంటుంది. నాలుగు గొలుసులు, ఒక పలక చాలు. పెరట్లో అలా కాదు. దూలమూ మనమే నిలబెట్టాలి, దాని కాళ్లూ మనమే పాతాలి. ఎండ, ఉప్పుగాలి, చెదలు, ఈశాన్య రుతుపవనాల వాన అన్నిటికీ అది తట్టుకోవాలి. అందుకని ఈ పనిలో మూడొంతులు కాళ్లు, దూలం, బోల్టుల గురించే. కూర్చునే బల్ల చివర్లో వస్తుంది, అది తేలిక కూడా.

చోటు

బల్ల ముందు నాలుగడుగులు, వెనక నాలుగడుగులు ఖాళీ ఉండాలి. గోడ, బావి గట్టు, తులసికోట, మోటారు పైపు ఏదీ ఆ దారిలో ఉండకూడదు. ఎటు తిప్పి పెట్టాలనేది మీ ఇష్టం. నన్నడిగితే మాత్రం వీపు పడమటికి రానివ్వండి. మన దగ్గర సాయంత్రం నాలుగింటికి కూడా పడమటి ఎండ చుర్రుమంటుంది, తూర్పు నుంచి సముద్రపు గాలి అప్పుడే మొదలవుతుంది. వీపుకి ఎండ, మొహానికి గాలి, సరిపోయింది.

ఉయ్యాల కింద నేల మెత్తగా ఉంచండి. గడ్డి గానీ ఇసుక గానీ. చీమకుర్తి గ్రానైటు ముక్కలు మన జిల్లాల్లో చవగ్గా దొరుకుతాయని కింద పరిచేవాళ్లని చూశాను. చూడటానికి నల్లగా మెరుస్తూ బాగుంటుంది, కానీ వాన పడితే జారుతుంది, పిల్లాడు వెనక్కి పడితే తల పగులుతుంది. ఆ ముక్కలకి వేరే పని ఉంది, తర్వాత చెప్తాను.

కొయ్య

మాను పడిన వారానికే సామిల్లుకి తోలి పలకలు కోయించాను. మా ఊరి వడ్రంగి పెద్దాయన వచ్చి పలకల్ని తట్టి చూసి, “పచ్చి కొయ్య పనికి నేను రానబ్బయ్యా, ఎండలు పోయినాక పిలువు” అని వెళ్లిపోయాడు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆయన చెప్పిందే నిజం. పచ్చి కొయ్య ఆరేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, మెలితిరుగుతుంది. ఈరోజు బిగించిన బోల్టు మూడు నెలలకి వదులైపోతుంది.

ఆరబెట్టే పద్ధతి ఇది. నేల నుంచి అడుగు ఎత్తున ఇటుకలు పేర్చి, పలకకీ పలకకీ మధ్య రెండడుగులకొకటి చొప్పున సన్నటి పుల్లలు పెట్టి దొంతరగా పేర్చాలి. పుల్లలన్నీ ఒకదాని పైన ఒకటి నిట్టనిలువుగా రావాలి, లేకపోతే పలక వాటి మధ్య వంగిపోతుంది. నీడ ఉండాలి, గాలి ఆడాలి. నేరుగా ఎండలో వేస్తే కొసలు నెర్రెలిస్తాయి. కొసలకి పాత పెయింటు పూస్తే ఆ నెర్రెలు చాలావరకు ఆగుతాయి. అంగుళం మందం పలకలకి ఒక ఎండాకాలం నిండుగా గడవాలి. ఆరిందో లేదో తెలుసుకోవాలంటే ఒక చిన్న ముక్కని వారం వారం తూకం వేయండి. రెండు మూడు వారాలు తూకం మారలేదంటే ఆరినట్టే.

వెనకటి రోజుల్లో వేప, తుమ్మ మొద్దుల్ని చెరువులో నెలల తరబడి నానేసి, తర్వాత తీసి ఆరబెట్టేవాళ్లు. నీళ్లలో పసరు కొట్టుకుపోయి పురుగు తక్కువ పడుతుంది. మీ ఊళ్లో చెరువు, ఓపిక రెండూ ఉంటే అదే మేలు.

అంగుళం పలకలు ఎండాకాలంలో ఆరతాయి గానీ నాలుగంగుళాల దూలం ఆరదు. దానికి ఏళ్లు కావాలి. అందుకే కాళ్లకీ దూలానికీ పాత కలప వెతకండి. పాత మిద్దెలు పడగొట్టేచోట టేకు దూలాలు, దంతెలు దొరుకుతాయి. అవి యాభై అరవై ఏళ్లు ఇంటి నీడలో ఆరి ఉన్నవి, ఇక కదలవు. మాకు అమ్మమ్మ వాళ్ల పాత ఇంటి దూలం దొరికింది. దాన్ని సామిల్లులో పెట్టగానే లోపల దాక్కున్న మేకు తగిలి రంపం పళ్లు పోయాయి. ఆ ఖర్చు నా నెత్తినే పడింది. పాత కలపని కోతకి ఇచ్చేముందు అయస్కాంతం ఒకటి పట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూడండి. తుప్పు మరక కనిపించిన ప్రతిచోటా మేకు ఉన్నట్టే అనుకోండి.

కొనేదయితే బయట వాడకానికి టేకు, వేగి నమ్మకమైనవి. నల్లతుమ్మ గట్టిదే, కానీ బరువు, చిత్రికకి లొంగదు. సరుగుడు మన తీరంలో ఎక్కడ చూసినా ఉంటుంది, గుంజలకి బాగుంటుంది గానీ ఆరేకొద్దీ చీలుతుంది. జామాయిల్, సుబాబుల్ జోలికి వెళ్లొద్దు, అవి కాగితం మిల్లుకే. ఎర్రచందనం ఊసే ఎత్తకండి, కాగితాలు లేకుండా ముక్క ఇంట్లో ఉన్నా కేసే. మీ సొంత చెట్టు కొట్టించేదయినా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి సంగతి ముందు కనుక్కోండి.

కొలతలు

ఇవి ఇద్దరు పెద్దవాళ్లు, మధ్యలో ఒక పిల్లాడు కూర్చునే బల్లకి. అన్నీ చిత్రిక పట్టిన తర్వాత మిగలాల్సిన కొలతలు, సామిల్లులో ఒక నూలు ఎక్కువే కోయించండి. అంగుళానికి ఎనిమిది నూళ్లు.

దూలం: 4 × 5 అంగుళాలు, 10 అడుగులు, ఒకటి
కాళ్లు: 4 × 3, 8 అడుగులు, నాలుగు
కింది అడ్డకట్టెలు: 3 × 2, నాలుగున్నర అడుగులు, రెండు
దూలం కింద జోడు పలకలు: 6 × 1½, అడుగున్నర, నాలుగు
పై అడ్డకట్టెలు: 3 × 2, రెండడుగులు, రెండు
ఊతకట్టెలు: 3 × 2, 20 అంగుళాలు, రెండు
బల్ల కింద మోతకట్టెలు: 3 × 2, అయిదున్నర అడుగులు, రెండు
అడుగు బద్దలు (కూర్చునే పలకల కింద వచ్చేవి): 4 × 1½, 20 అంగుళాలు, నాలుగు
వీపు బద్దలు: 3 × 1½, 26 అంగుళాలు, నాలుగు
పలకలు: 3 × 1, అయిదడుగులు, పదకొండు
బల్ల చేతులకి (మోచేతులు ఆన్చుకునేవి): 4 × 1 పలక ముక్కలు, కొంచెం

పొడవు అడుగుల్లో, వెడల్పు మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. దూలం ఒక్కటే దాదాపు 1.4. మొత్తం కలిపి ఎనిమిది లోపే, తరుగుతో తొమ్మిది అనుకోండి.

దూలాన్ని అయిదంగుళాల వైపు నిలువుగా ఉండేలా పెట్టాలి. కొయ్య వంగకుండా ఆపేది దాని ఎత్తు. ఎత్తు రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది, వెడల్పు రెట్టింపయితే బలం రెండింతలే.

ఇనుప సామాను: 12 ఎంఎం బోల్టులు, గుండ్రటి కన్ను ఉండి ఆ కన్ను పూర్తిగా వెల్డయిన ఐ బోల్టులు ఆరు, 8 ఎంఎం గొలుసు 20 అడుగులు, రెండు దిట్టమైన రింగులు, ఎనిమిది డి షాకిళ్లు (డి ఆకారంలో ఉండి మరతో మూసుకునే ఇనుప లింకులు), స్టెయిన్‌లెస్ స్క్రూలు. బోల్టులు గాల్వనైజ్ చేసినవైనా, స్టీలువైనా తీసుకోండి. మామూలు నల్ల బోల్టులు మన తీరంలో రెండు వానాకాలాలకే పొట్టు రాలతాయి. గొలుసు కొనేటప్పుడు ప్రతి లింకు అతుకూ వెల్డయిందో లేదో వేలితో తడిమి చూడండి. వంచి వదిలేసిన లింకుల గొలుసు కుండీలు వేలాడదీయడానికే పనికొస్తుంది.

బరువు లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ముగ్గురూ కలిపి రెండు వందల కేజీలు, బల్ల ఇంకో ముప్పై నలభై. ఊగేటప్పుడు ఈ బరువు ఇంతే ఉండదు. ఊపు 45 డిగ్రీల దాకా పోయిందంటే, కిందికి వచ్చిన క్షణంలో గొలుసు మీద పడేది ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ. పిల్లలు ఎగిరి కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రతి ఇనుప ముక్కా అవసరమనిపించిన దానికన్నా ఒక సైజు పెద్దది తీసుకున్నాను.

నేల మీద గీయడం

కోణాలు కాగితం మీద లెక్కలు వేసి కోయకండి. సిమెంటు గచ్చు మీదో డాబా మీదో సుద్దతో అసలు సైజులోనే బొమ్మ గీయండి. మేస్త్రీలు, వడ్రంగులు ఎప్పటి నుంచో చేసేది ఇదే.

ముందు ఒక గీత, అది నేల. దానికి సరిగ్గా ఏడడుగుల పైన దూలం కింది అంచు. దూలం కొస 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు పెట్టెలా గీయండి. నేల గీత మీద రెండు కాళ్ల లోపలి అంచుల మధ్య అయిదడుగులు వదలండి. ఆ రెండు చోట్ల నుంచి దూలం కింది మూలలకి గీతలు కలిపితే కాలు వాలు వచ్చేసింది. నిలువు నుంచి 18 డిగ్రీల పైచిలుకు ఉంటుంది, కానీ ఆ అంకె మీకు అక్కర్లేదు. కాలు కొయ్యని ఆ గీతల మీద పడుకోబెట్టి, పైన దూలం చెంపకి ఆనేచోట, కింద నేల గీత తగిలేచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అంతే, రంపం ఆ గుర్తు వెంట పోతుంది. ఒక కాలు కోసి, దాన్నే మూసగా పెట్టి మిగతా మూడూ కోయండి. ప్రతిసారీ మొదటి కాలునే మూసగా వాడండి. రెండోదాన్ని చూసి మూడోది, మూడోదాన్ని చూసి నాలుగోది కోస్తే తేడా పెరుగుతూ పోతుంది.

కాళ్లు

కొయ్య కాలుని నేలలో పాతొద్దు. ఎంత మంచి కొయ్య అయినా సరే. నేలమట్టం దగ్గర తడీ గాలీ రెండూ కలిసేచోటే కొయ్య పుచ్చుతుంది, చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి. కొసలు నీళ్లని పీల్చినంతగా పక్కలు పీల్చవు కూడా.

వెల్డింగ్ షాపులో నాలుగు ఇనుప బూట్లు చేయించండి. 6 ఎంఎం మందం, 2 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు, వాటి మధ్య ఖాళీ 3 అంగుళాలు, అంటే కాలు మందం అంత. మధ్యలో కాలు కూర్చోవడానికి ఒక పలక, నీళ్లు పోవడానికి దానికో బెజ్జం. కిందికి అడుగున్నర పొడవు 12 ఎంఎం కడ్డీలు రెండు, చివర వంచినవి, అవి కాంక్రీటులోకి పోతాయి. పట్టీలు కాలు ఎడమ కుడి పక్కలకి వచ్చేలా పెడితే, కాలు ఏ వాలులో ఉన్నా వాటి మధ్య సరిగ్గా ఇముడుతుంది, బూటుని వాలుగా చేయించే తలనొప్పి ఉండదు. రెడాక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్ రెండు పూతలు.

ఇప్పుడు రెండేసి కాళ్లని జత కట్టాలి. గచ్చు మీద గీసిన బొమ్మ మీదే కాళ్లు పడుకోబెట్టండి. దూలం ఉండాల్సిన చోట నాలుగంగుళాల కొయ్య ముక్క పెట్టండి. దానికి సరిగ్గా కింద, కాళ్ల ఈ పక్కన ఒకటి ఆ పక్కన ఒకటి జోడు పలకలు పెట్టి ఒక్కో కాలుకి రెండేసి బోల్టులు దూర్చి బిగించండి. రేపు దూలం కూర్చునేది ఈ జోడు పలకల పై అంచుల మీద. బోల్టు దూలాన్ని పక్కకి జారకుండా పట్టుకుంటుంది, బరువు మోసేది పలకలు. చాలామంది బోల్టు మీదే బరువంతా వేలాడదీస్తారు, కొన్నాళ్లకి బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది.

జోడు పలకల కింద, దూలం అడుగుకి 14 అంగుళాల దిగువన పై అడ్డకట్టె. నేలకి రెండడుగుల ఎత్తున కింది అడ్డకట్టె. రెండూ బయటి వైపుకే బిగించాలి, బల్ల ఊగే లోపలి వైపు ఏదీ పొడుచుకు రాకూడదు. ప్రతి బోల్టు కిందా వెడల్పాటి వాషరు వేయండి, లేకపోతే నట్టు కొయ్యలోకి దిగిపోతుంది.

నిలబెట్టడం

ఈ రోజుకి కనీసం నలుగురు మనుషులు కావాలి. మా ఇంట్లో ఆదివారం పెట్టుకున్నాం, చేపల పులుసు ఆశ చూపిస్తే అయిదుగురు వచ్చారు.

నాలుగు గుంటలు, ఒక్కోటి 15 అంగుళాల చదరం, రెండడుగుల లోతు. మాది ఇసుక కలిసిన నేల, గంటలో అయిపోయింది. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే ఇంకో అడుగు లోతు తవ్వి అడుగున ఇసుక పోసి దిమ్మిస కొట్టండి. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, గుంట లోతు లేకపోతే కాళ్లని ఎత్తి పడేస్తుంది. కనిగిరి, మార్కాపురం వైపు రాతినేలల్లో గడ్డపార పని ఎక్కువ, నేల సంగతి చూసుకోవాల్సిన పని తక్కువ.

బూట్లు ముందే కాళ్లకి బిగించి, జతల్ని గుంటల్లో నిలబెట్టి, రెండు జతల మధ్య లోపలి ఖాళీ ఏడడుగులు ఉండేలా చూసి, వెదురు బొంగులతో ఊతాలు కట్టండి. అప్పుడు దూలం ఎత్తి పైన పెట్టండి. అటూ ఇటూ కాళ్ల బయటికి సుమారు 14 అంగుళాల చొప్పున దూలం మిగలాలి. రసమట్టం పెట్టి దూలం చూడండి, తూకం గుండు వేలాడదీసి కాళ్లు చూడండి. కింద నాలుగు బూట్ల మధ్య ఐమూలగా టేపు పెడితే రెండు కొలతలూ ఒకటే రావాలి. కాలూ దూలమూ కాలూ కలిపి ఒకే బోల్టు దూర్చి బిగించండి. అన్నీ కుదిరిన తర్వాతే కాంక్రీటు పోయాలి. ముందు కాంక్రీటు పోసి తర్వాత కాళ్లు కుదర్చడం మహా కష్టం.

కాంక్రీటు ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర. రెండున్నర బస్తాల సిమెంటు పడుతుంది. పైభాగం నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా, నీళ్లు బయటికి జారేలా వాలుగా తీయించండి. వారం పాటు గోనెసంచులు కప్పి తడపాలి. రెండు మూడు వారాల వరకు ఎవర్నీ వేలాడనివ్వొద్దు. ఇక్కడే పిల్లలతో అసలు టెన్షన్. ఇందాక చెప్పిన గ్రానైటు ముక్కల్ని ఈ కాంక్రీటు దిమ్మెల చుట్టూ పరిస్తే వానకి బురద చింది కాళ్ల మీద పడదు.

చివరిగా ఊతకట్టెలు. ముందుకీ వెనక్కీ ఊగితే కాళ్ల వాలు ఆపుతుంది. ఎడమకీ కుడికీ ఊగితే ఆపేది ఈ ఊతకట్టెలే. పై అడ్డకట్టె నడుమ నుంచి బయటికి మిగిలిన దూలం అడుగుకి ఏటవాలుగా బిగించాలి. లోపలి వైపు బిగిస్తే గొలుసుకి అడ్డం వస్తుంది, వేళ్లు నలుగుతాయి. బయటికి పెట్టడం వల్ల ఇంకో లాభం, దూలం కొసలకి మా ఆవిడ రెండు కుండీలు వేలాడదీసుకుంది.

బల్ల

అడుగు బద్ద, వీపు బద్ద కలిపితే ఎల్ ఆకారం వస్తుంది. అలాంటివి నాలుగు చేయాలి. కానీ నిటారుగా 90 డిగ్రీల ఎల్ అయితే అది బడి బెంచీ అవుతుంది. వీపు వెనక్కి వాలాలి. అడుగు బద్ద పై అంచు నుంచి పన్నెండు అంగుళాలు పైకి, అక్కడి నుంచి మూడుంపావు వెనక్కి గుర్తు పెట్టి గీత కలపండి. ఆ వాలు చాలు. అడుగు బద్ద పై అంచుని కూడా సూటిగా వదలకుండా, వెనక భాగంలో ముప్పావు అంగుళం లోతు పల్లం తీయండి. సన్నటి పీవీసీ పట్టీని వంచి దాని వెంట గీస్తే వంపు నున్నగా వస్తుంది. అట్ట మీద మూస కత్తిరించి నాలిగింటికీ అదే వాడండి. రెండు బద్దలూ కలిసేచోట నీళ్లకి తట్టుకునే జిగురు రాసి, 8 ఎంఎం బోల్టులు రెండు వేయండి. ఒక్క బోల్టు వేస్తే అది కీలులా తిరుగుతుంది.

ఈ నాలుగు ఎల్‌లని రెండు మోతకట్టెల మీద సమానమైన ఎడంతో నిలబెట్టి బిగించండి. ముందుదానికీ వెనకదానికీ మధ్య 16 అంగుళాలు. మోతకట్టెలు బల్లకి ఇటు అటు మూడేసి అంగుళాలు బయటికి రావాలి, ఐ బోల్టులు దిగేది ఆ కొసల్లోకే. బోల్టు కన్ను పైకి, కింద 2 అంగుళాల చదరపు పలక వాషరు, రెండు నట్లు. బల్ల బరువూ మనుషుల బరువూ మోతకట్టెల ద్వారా గొలుసుకి పోవాలి. పలకల్లోకో చేతుల్లోకో కొక్కెం దించి వేలాడదీస్తే ఒకరోజు ఊడి వస్తుంది.

పలకలు ఆరు కూర్చునేచోట, అయిదు వీపుకి. కూర్చునేచోట పలకకీ పలకకీ మధ్య పెన్సిల్ మందం సందు, పెన్సిలే పెట్టి బిగించుకుంటూ పోండి. అంతకన్నా ఎక్కువ వదిలితే చిన్నపిల్లల వేళ్లు ఇరుక్కుంటాయి, అసలు వదలకపోతే వాన నీళ్లు నిలుస్తాయి. వీపు పలకలకి కూడా అదే సందు ఇచ్చి, నడుము దగ్గర రెండు, పైన మూడుగా విడగొట్టి మధ్యలో అరచెయ్యి పట్టేంత ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది. స్క్రూ దించేముందు 3 ఎంఎం బిట్టుతో బెజ్జం వేయండి, ముఖ్యంగా కొసల దగ్గర. తొందరపడి నేను వేయలేదు, వేప పలక ఒకటి చివర నుంచి జానెడు చీలింది. అంచులన్నీ చిత్రికతో గుండ్రం చేసి, 80, 120, 180 నంబర్ల గరుకు కాగితం వరసగా పట్టండి. ముందంచు మోకాళ్ల వెనక ఒత్తుకునే చోటు, అక్కడ ఇంకొంచెం ఎక్కువ గుండ్రం.

చేతుల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కూర్చునే పలక నుంచి తొమ్మిదంగుళాల ఎత్తు. వీటికి కాస్త పనితనం కావాలంటే ఉదయగిరి కొయ్య పనివాళ్లని అడగొచ్చు. భౌగోళిక గుర్తింపు పొందిన వాళ్ల గరిటెలు, చెంచాలు చూసినవాళ్లకి ఆ చేతి నునుపు తెలుసు.

గొలుసు

నా పెద్ద తప్పు ఇక్కడ జరిగింది. మొదట ఎస్ ఆకారం కొక్కేలతో తగిలించాను. తగిలించడం, తీయడం సులువని. నెల తిరక్కుండానే ఒక కొక్కెం మెల్లగా విచ్చుకుంది. పండక్కి వచ్చిన మా బావ టీ గ్లాసుతో సహా ఒక పక్కకి కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు, మాటలు మాత్రం ఇప్పటికీ పడుతున్నాను. నోరు తెరిచి ఉన్న కొక్కెం ఏదీ వాడొద్దు. మర బిగించే డి షాకిలే వాడండి, మరని బిగించాక సన్నటి స్టీలు తీగతో కట్టేయండి. ఊగి ఊగి అది దానంతటదే విప్పుకుంటుంది.

దూలానికి రెండు ఐ బోల్టులు, కింద నుంచి పైకి ఆరపార. పైన పలక వాషరు, రెండు నట్లు. రెండింటి మధ్య దూరం బల్ల మీది ఐ బోల్టుల దూరం కన్నా ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు ఎక్కువ ఉంచండి. బల్ల పక్కలకి తక్కువగా కదులుతుంది.

పక్కకి ఒక్కో గొలుసు దూలం నుంచి ముప్పై అంగుళాలు దిగి రింగుకి కలుస్తుంది. రింగు నుంచి రెండు గొలుసులు, ఒకటి ముందు కన్నుకి, ఒకటి వెనక కన్నుకి. ఆ రింగు కూర్చున్న మనిషి భుజాల కన్నా పైన ఉండాలి. కిందికి దించితే బల్ల ముందుకీ వెనక్కీ తూగి, లేచేటప్పుడు మనల్ని తోసేస్తుంది. నేల నుంచి కూర్చునే పలక 17, 18 అంగుళాలు. వెనక గొలుసు ముందుదాని కన్నా ఒక లింకు ఎక్కువ వదలండి. 8 ఎంఎం గొలుసులో ఒక లింకు అంటే సుమారు ఒక అంగుళం, బల్ల ఆ మేరకు వెనక్కి వాలుతుంది. చాలలేదనిపిస్తే ఇంకో లింకు.

గొలుసు పొడవుని బట్టే ఊగే తీరు ఉంటుంది. అయిదున్నర అడుగులకి పోయి రావడానికి రెండున్నర సెకన్లకి కాస్త ఎక్కువ పడుతుంది. పాత ఇళ్లలో ఎత్తయిన దూలానికి వేలాడే బల్లలు అంత నిదానంగా ఊగేది అందుకే. పెరట్లో దూలం ఏడడుగుల కన్నా దించితే ఊపు గబగబా వచ్చి తల తిరుగుతుంది.

పిల్లలున్న ఇంట్లో గొలుసు బిగించేముందే దానికి డ్రిప్పు పైపో తోటకి వాడే పైపో తొడగండి, వేళ్లు నలగవు.

బియ్యం బస్తాలతో పరీక్ష

మనుషులు ఎక్కేముందు బస్తాలు ఎక్కాలి. 26 కేజీల బియ్యం బస్తాలు పన్నెండు పేరిస్తే 312 కేజీలు. మాకు మిల్లు ఉన్న చుట్టం ఒకాయన ఇచ్చాడు, లేకపోతే సిమెంటు బస్తాలు ఆరు చాలు. రాత్రంతా అలాగే వదిలి, తెల్లారి ప్రతి నట్టూ, ప్రతి అతుకూ చూడండి. దూలం నడుమ దారం లాగి పట్టుకుంటే కుంగిందో లేదో తెలుస్తుంది. తర్వాత ఆ బరువుతోనే మెల్లగా ఊపి కాళ్ల దగ్గర చెవి పెట్టండి. కొయ్య కిర్రుమనడం వేరు, బోల్టు దగ్గర టక్కుమనడం వేరు. టక్కుమంటే బెజ్జం వదులు, మళ్లీ బిగించాలి.

నూనె, ఆ తర్వాత చూసుకోవడం

వార్నిష్ వేయకండి. మన ఎండకి ఏడాదిలో పొరలుగా లేస్తుంది, మళ్లీ గీకి వేయాలంటే నరకం. ఉడికించిన అవిసె నూనె పలచగా మూడు పూతలు, పూతకీ పూతకీ రెండు రోజులు విరామం ఇచ్చి పూయండి. ఏడాదికోసారి ఇంకో పూత వేస్తే సరి. ఆ నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి బయట పరిచి ఆరేయండి. దూలం పై అంచుకి, కాళ్ల అడుగు కొసలకి జీడి నూనె పూశాను. నల్లగా ఉంటుంది, చెదలు దరికి రావు. చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది కాబట్టి గ్లవుజులు తప్పనిసరి, కూర్చునేచోట ఎప్పుడూ పూయొద్దు.

మొదటి ఎండాకాలం అయ్యాక బోల్టులన్నీ మళ్లీ ఒక చుట్టు బిగించండి, కొయ్య కుంచించుకుని ఉంటుంది. దూలం దగ్గర కన్నుకీ షాకిలుకీ మధ్య రెండు నెలలకోసారి గ్రీజు. లింకులు ఒకదాన్నొకటి రాసుకునేచోట మందం 8 నుంచి 7కి దిగిందంటే గొలుసు మార్చాల్సిందే. వాయుగుండం హెచ్చరిక రాగానే బల్లని విప్పి కిందికి దించి వసారాలో పెట్టేయండి. ఖాళీ బల్ల తుపాను గాలికి ఊగి ఊగి తన కాళ్లనే కొట్టుకుంటుంది.

మాది 2024 అట్లతద్దికి సిద్ధమయింది. తెల్లవారుజామున చీకట్లోనే వీధిలో ఆడపిల్లలంతా వచ్చి వరస కట్టారు. ముగ్గురికని కట్టిన బల్ల మీద ఒకేసారి ఆరుగురు. నాయన గుమ్మంలో కూర్చుని దూలం వంకే చూస్తూ ఉన్నాడు, నేను బోల్టుల వంక.